షరతు చెప్పని మాట

18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న చిన్న లోహపు గొట్టాన్ని 18650 సెల్లు అంటారు. 1991లో సోనీ సంస్థ లిథియం-అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చాక వచ్చిన కొలతల్లో ఇంతగా పాతుకుపోయింది మరొకటి లేదు. ల్యాప్‌టాప్‌లు, టార్చిలైట్లు, డ్రిల్లు యంత్రాలు, విద్యుత్ వాహనాలు అన్నీ దీన్ని వాడుకున్నాయి. అమెరికాలో, యూరప్‌లో ఈ-సిగరెట్ తాగేవాళ్లు కొందరు ఈ సెల్లును విడిగా కొనుక్కుని తమ పరికరంలో వేసుకుంటారు. దాని ఒంటి మీద పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. చాలా తొడుగుల మీద రెండు అంకెలుంటాయి. ఎంత విద్యుత్తు దాచుకోగలదో చెప్పేది ఎంఏహెచ్ అంకె, ఎంత జోరుగా వదలగలదో చెప్పేది ఆంపియర్ల అంకె. రెండో అంకెను నమ్మి మనిషి ఆ పరికరాన్ని పెదాల దగ్గర పెట్టుకుంటాడు, ఆ తర్వాత జేబులో వేసుకుంటాడు. సెల్లు లోపల ఏముందో అతను చూడలేదు, చూడలేడు కూడా. మరి ఆ అంకెను నమ్మే హక్కు అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది? పైకి ఇది సరుకుల బజారు ప్రశ్నలా కనిపిస్తుంది కానీ, మన దర్శనాలు వెయ్యేళ్లకు పైగా వాదించుకున్న ప్రశ్న ఇదే. ఒకరి మాట మనకు ఎప్పుడు జ్ఞానమవుతుంది, ఎప్పుడు వట్టి నమ్మకంగానే మిగిలిపోతుంది?

న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానంతో పాటు శబ్దాన్ని కూడా ప్రమాణంగా ఒప్పుకుంది. అయితే ఏ మాటనైనా కాదు, ఆప్తుడి మాటనే. గౌతముడి సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడెవరో చెప్పిన తీరు నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే. విషయాన్ని తాను నేరుగా ఎరిగి ఉండాలి, ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలన్న కోరిక ఉండాలి. అంతే. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని ఆయన విడమర్చి రాశాడు. కులాన్నీ పీఠాన్నీ పక్కన పెట్టి, మాట నమ్మదగిందా కాదా అన్నదాన్ని చెప్పేవాడికీ విషయానికీ ఉన్న సంబంధంతోనే తేల్చాడు. ఈ కొలతతో సెల్లు తొడుగును చూడండి. సెల్లు తయారుచేసే పెద్ద కంపెనీలు ప్రపంచంలో కొన్నే. కానీ బజారులో పేర్లు చాలా ఉన్నాయి. తయారీదారు దగ్గర నుంచో, మధ్యవర్తుల దగ్గర నుంచో సెల్లులు కొని, పాత తొడుగు ఊడదీసి, తమ పేరుతో, తమ అంకెతో కొత్త తొడుగు చుట్టి అమ్మేవాళ్లున్నారు. వాళ్లలో నిజాయితీపరులూ ఉన్నారు. కానీ 9,900 ఎంఏహెచ్ అని అచ్చు వేసిన 18650 సెల్లులు కూడా అమ్ముడుపోయాయి. ఈ కొలత సెల్లులో మేటి కంపెనీలు అందించే నిల్వ సుమారు 3,500 ఎంఏహెచ్. ఆ 9,900 అంకె వేసినవాడు ఆ సెల్లును కొలిచి ఉండడు, లేదా కొలిచి కూడా ఉన్నదున్నట్టు చెప్పదలచుకోలేదు. వాత్స్యాయనుడు పెట్టిన రెండు షరతుల్లో ఏదో ఒకటి అక్కడ తప్పక కూలింది.

ఇంతవరకూ ఎవరూ కాదనరు. అబద్ధం అబద్ధమే. చిక్కంతా తర్వాతి మెట్టులో ఉంది. మాట వినగానే దాన్ని నిజమనుకోవాలా, లేక నిజమని రుజువయ్యేదాకా ఆగాలా? మీమాంసకుల్లో కుమారిలభట్టు మొదటిదే అన్నాడు. జ్ఞానం పుట్టడంతోనే ప్రామాణ్యంతో పుడుతుంది, దోషం బయటపడితేనే ఆ ప్రామాణ్యం తొలగుతుంది. లేకపోతే ఒక జ్ఞానాన్ని మరొకటి, దాన్ని ఇంకొకటి రుజువు చేస్తూ పోవాలి, అంతు ఉండదు. నైయాయికులు ఒప్పుకోలేదు. ప్రామాణ్యం బయటి నుంచి తెలియాలి, ఆ జ్ఞానాన్ని బట్టి పని చేసినప్పుడు ఫలితం దక్కితే అప్పుడే అది సరైనదని తేలుతుంది అన్నారు. నీళ్లున్నాయనుకుని వెళ్లినవాడికి దాహం తీరితే ఆ జ్ఞానం నిజం. రోజువారీ బతుకులో మనం కుమారిలుడి శిష్యులమే. దారి అడిగితే చెప్పినవాడి మాట పట్టుకుని నడుస్తాం. కానీ మాట తప్పయితే చర్మం కాలిపోయే చోట ఈ సులువైన నమ్మకానికి ఒళ్లు అప్పగించగలమా? అలాగని నైయాయికుడి మార్గం కూడా ఇక్కడ తిన్నగా సాగదు. ఫలితం చూసి నిర్ణయించుకోవడమంటే, సెల్లు పేలలేదు కాబట్టి మంచిదని అనుకోవడమే అవుతుంది. ఈ రెండు మార్గాలకూ మధ్య మరొకటి ఉంది. అదే పరీక్ష. పరీక్ష మనకు నిజంగా ఏమిస్తుందో చూస్తే, నమ్మదగిన మాటకు ఒక గుర్తు దొరుకుతుందని నా వాదం. నమ్మదగిన మాట తన షరతులను వెంటబెట్టుకుని వస్తుంది.

పరీక్ష ఎలా జరుగుతుందంటే, సెల్లును 4.2 వోల్టుల వరకు నింపుతారు. ఎలక్ట్రానిక్ లోడు అనే పరికరానికి కలిపి, ఎంచుకున్న ఆంపియర్లను ఎడతెగకుండా లాగుతూ 2.5 వోల్టుల దాకా దించుతారు. సెల్లు ఒంటికి ఉష్ణోగ్రత కొలిచే తీగ అతికిస్తారు. తర్వాత కరెంటు పెంచి మళ్లీ అదే పని. సెల్లులోని అంతర్గత నిరోధం 20 మిల్లీఓములు అనుకుందాం. 20 ఆంపియర్లు లాగితే లోపల 8 వాట్ల వేడి పుడుతుంది. 30 ఆంపియర్లు లాగితే 18 వాట్లు. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి రెండుంపావు రెట్లు. ఆ వేడి ఒక హద్దు దాటితే, లోపలి ఎలక్ట్రోడు మీద రక్షణగా ఏర్పడిన పల్చటి పొర విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర పాలిథీన్ పొర కరుగుతుంది. రెండు ఎలక్ట్రోడులనూ విడదీసి ఉంచేది ఆ పొరే. ఇంకా పైకి పోతే ధన ఎలక్ట్రోడు నుంచి ఆక్సిజన్ విడుదలవుతుంది, మండే ద్రావకం పక్కనే ఉంది. ఆ దశలో వేడే వేడిని పెంచుతుంది, బయటి నుంచి ఎవరూ ఆపలేరు. కాబట్టి ఆంపియర్ల అంకె వట్టి గొప్ప కాదు, ఎంతవరకు ఆ దారిలో అడుగు పడకుండా ఉంటుందో చెప్పే మాట.

ఇప్పుడు ఒక నిజమైన అంకెను తీసుకుందాం. సోనీ వారి వీటీసీ6 సెల్లుకు తయారీదారు ఇచ్చిన వివరాల్లో రెండు అంకెలున్నాయి. ఎడతెగకుండా లాగాలంటే 15 ఆంపియర్లు. సెల్లు 80 డిగ్రీలకు చేరగానే ఆపేసే ఏర్పాటు ఉంటే 30 ఆంపియర్లు. రెండూ నిజమే. కానీ రెండో అంకెలోంచి ఉష్ణోగ్రత షరతును తీసేసి, 30 ఆంపియర్ల సెల్లు అని అమ్మితే? సెల్లు ఉష్ణోగ్రతను చూసి ఆపేసే ఏర్పాటు లేని పరికరంలో దాన్ని పెట్టినవాడు నిజమైన అంకెనే నమ్మి మోసపోతాడు. తొడుగులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. న్యాయశాస్త్రంలో దీనికి సరిపోయే భావన ఉంది. 17వ శతాబ్దంలో తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం చదివినవాళ్లందరికీ అది తెలుసు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందనడం సరైన వ్యాప్తి, అంటే ఎప్పుడూ తప్పని సంబంధం. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందనడం తప్పు, ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పుతో పాటు తడి కట్టె కూడా ఉంటేనే పొగ వస్తుంది. దాగి ఉన్న ఆ తడి కట్టెను ఉపాధి అన్నారు. ఉపాధిని దాచి చెప్పిన వ్యాప్తి అనుమానాన్ని పాడుచేస్తుంది. 30 ఆంపియర్లకు 80 డిగ్రీల దగ్గర ఆపేసే ఏర్పాటు ఉపాధి. కొత్త సెల్లు అన్నది మరో ఉపాధి, వందలసార్లు నింపి వాడాక అంతర్గత నిరోధం పెరిగి వేడి కూడా పెరుగుతుంది. గది ఉష్ణోగ్రత ఇంకొకటి. ‘పల్స్’ రేటింగు పేరుతో అచ్చు వేసే పెద్ద అంకెల్లో ఎన్ని సెకన్లు లాగాలో, మధ్యలో ఎంతసేపు ఆపాలో చెప్పకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. మీట ఇరుక్కుపోయిన పరికరంలో పల్స్ అనేదే ఉండదు, ఎడతెగని ప్రవాహమే.

పరికరం వైపు నుంచి చూసినా అంతే. ఎలక్ట్రానిక్ నియంత్రణ ఏమీ లేని పరికరంలో 0.2 ఓముల తీగచుట్ట పెడితే, నిండు సెల్లు నుంచి 21 ఆంపియర్లు పోతాయి. నియంత్రణ ఉన్న పరికరం 80 వాట్లు అడిగితే, సెల్లు 4 వోల్టుల దగ్గర ఉన్నప్పుడు 20 ఆంపియర్లు చాలు. అదే సెల్లు 3.2 వోల్టులకు దిగితే 25 కావాలి. ఖాళీ అవుతున్న కొద్దీ భారం పెరుగుతుంది. చాలామంది దీనికి తలకిందులుగా ఊహించుకుంటారు. అందుకే ఒంటరి అంకె ఎంత నిజమైనా మనిషికి దారి చూపదు.

ఇక్కడ అనుభవజ్ఞులైన వాడుకరుల నుంచి ఒక అభ్యంతరం వస్తుంది. ఏళ్ల తరబడి వాడుతున్నాం, ఏమీ కాలేదు, ఇంతకన్నా రుజువేం కావాలి అంటారు. ఇది నైయాయికుల ఫలసిద్ధి వాదాన్ని తిన్నగా తెచ్చి అన్వయించడమే, అందుకే దీన్ని తేలిగ్గా తోసిపుచ్చకూడదు. అయితే ఫలసిద్ధి పనిచేయాలంటే వైఫల్యం ఎప్పుడో ఒకప్పుడు కళ్లబడాలి. నీళ్లు లేకపోతే దాహం తీరదు, వెంటనే తెలుస్తుంది. సెల్లు హద్దు దాటి వాడుతుంటే వెంటనే ఏమీ తెలియదు, చాలాసార్లు ఎప్పటికీ తెలియదు. అరుదైన ప్రమాదంలో ఒకడి క్షేమం మరొకడికి సాక్ష్యం కాదు. ఆ అరుదు ఎంతో కూడా మనకు సరిగా తెలియదని చూపే లెక్కలు ఉన్నాయి. 2009 జనవరి నుంచి 2016 చివరి వరకు పత్రికల్లో వచ్చిన వార్తలను ఏరి, ఈ-సిగరెట్ మంటలు, పేలుళ్లు 195 జరిగాయని అమెరికా అగ్నిమాపక పరిపాలన సంస్థ లెక్క వేసింది. వాటిలో 61 పరికరమో విడి సెల్లో జేబులో ఉండగా జరిగాయి. తర్వాత అమెరికా ఆసుపత్రుల అత్యవసర విభాగాల సమాచారం చూసిన పరిశోధకులు 2015 నుంచి 2017 వరకు, ఆ మూడేళ్లలోనే, ఈ-సిగరెట్ పేలుళ్ల వల్ల, కాలడం వల్ల గాయపడి వచ్చినవాళ్లు 2,035 మంది ఉంటారని అంచనా వేశారు. ఒక లెక్క సంఘటనలది, మరొకటి గాయపడ్డ మనుషులది. రెండింటినీ నేరుగా పోల్చలేం. అయినా పత్రికల దాకా రానివి ఎన్నో ఉన్నాయని అర్థం కావడానికి ఆ తేడా చాలు. ఏమీ కాలేదన్న మాట ఏమీ కానివాళ్ల నోటి నుంచే వినిపిస్తుంది. జేబులో జరిగిన ఆ 61 సంఘటనలు ఇంకొకటి కూడా చెబుతున్నాయి. తొడుగు చిరిగిన సెల్లు తాళాల గుత్తితో కలిసి ఉంటే, ఆంపియర్ల అంకె ఎంత నిజాయితీదైనా కాపాడదు. సెల్లు ఒళ్లంతా రుణ ధ్రువమే. పై అంచున ధన ధ్రువం దాకా వచ్చే ఆ లోహాన్ని కప్పి ఉంచేది చుట్టిన ఆ పల్చటి ప్లాస్టికే.

ఇంతకన్నా లోతైన అభ్యంతరం, ప్రత్యక్షాన్ని తప్ప అనుమానాన్ని ప్రమాణంగా ఒప్పుకోని చార్వాకుడిది. పరీక్షించిన సెల్లు వేరు, నేను కొన్న సెల్లు వేరు. పరీక్ష సెల్లును అరగదీస్తుంది, కొన్నిసార్లు ధ్వంసం చేస్తుంది. కాబట్టి పరీక్షకు గురైన సెల్లును ఎవరూ వాడరు, వాడే సెల్లును ఎవరూ పరీక్షించరు. ఒకటి రెండు చూసి అన్నిటి గురించీ ఎలా చెబుతావు? ఈ వాదానికి చరిత్రలో బలమైన సాక్ష్యాలే ఉన్నాయి. 2006లో ల్యాప్‌టాప్ బ్యాటరీలను లక్షల సంఖ్యలో వెనక్కి పిలవాల్సి వచ్చింది, డెల్ ఒక్కటే 41 లక్షలు పిలిచింది. తయారీలో సెల్లు లోపల చిక్కుకున్న సూక్ష్మ లోహపు రేణువులు కారణమని ఆ సెల్లులు తయారుచేసిన సోనీ చెప్పింది. మామూలు పరీక్షకు ఆ రేణువు దొరకదు. 2016లో శాంసంగ్ నోట్ 7 ఫోన్లు మండాయి. బ్యాటరీ మార్చి ఇచ్చినవి కూడా మండాయి. కారణం వెతకడానికి ఆ సంస్థ 2 లక్షలకు పైగా ఫోన్లనూ, 30 వేలకు పైగా బ్యాటరీలనూ పరీక్షించి, ఇద్దరు సరఫరాదారుల సెల్లుల్లో రెండు వేరువేరు లోపాలున్నాయని 2017 జనవరిలో ప్రకటించింది. బోయింగ్ 787 విమానాల బ్యాటరీల విషయంలో కోటి ప్రయాణ గంటల్లో ఒక్కసారి కూడా పొగ రాదని ముందు అంచనా కట్టారు. 2013 జనవరిలో విమానాలన్నీ కలిపి 52 వేల గంటలు ఎగిరేసరికే రెండుసార్లు జరిగింది. ఇంత డబ్బు, ఇంత విద్య ఉన్న చోటే ఇలా అయితే, బల్ల మీద నాలుగు సెల్లులు కొలిచేవాడి మాటకు విలువేముంది?

సందేహానికి హద్దు ఉంటుందని నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో జవాబిచ్చాడు. నీ సందేహం నీ ఆచరణతోనే ఢీకొన్న చోట ఆగిపోతుంది. పొగకు నిప్పు కారణమా కాదా అని శంకించేవాడు పొగ కావాలంటే నిప్పే రాజేస్తాడు కదా! తర్వాత అద్వైతి శ్రీహర్షుడు ఆ జవాబునే తిప్పికొట్టాడు, ఢీకొనడం ఉందంటేనే సందేహం ఉన్నట్టు కదా అన్నాడు. సెల్లుల విషయంలో నాకు శ్రీహర్షుడి వైపే కొంత న్యాయం కనిపిస్తుంది. ఉదయనుడి హద్దు కారణం లేని సందేహాన్ని ఆపుతుంది. 2006 రేణువులను చూశాక మిగిలే సందేహానికి కారణం ఉంది. అందుకని పరీక్ష వ్యర్థమైపోదు. పరీక్షకుడు ఏం చెబుతున్నాడన్నదే ముఖ్యం. ఈ సెల్లు సురక్షితం అని చెబితే అతను కూడా తొడుగువాడి తప్పే చేస్తున్నట్టు. ఈ నెలలో ఈ అంగడి నుంచి కొన్న ఇన్ని సెల్లులు, ఇంత కరెంటుకు, ఇంత గది వేడిలో, ఇంతవరకు వేడెక్కాయి, ఇవి కొత్తవి, దాచిన లోపాలను ఈ పరీక్ష పట్టదు అని చెబితే ఆ మాటలో చార్వాకుడి అభ్యంతరం ముందే ఇమిడిపోయింది. తన మాట ఎక్కడ ఆగిపోతుందో తానే చెప్పినవాణ్ణి ఆ హద్దుకు ఇవతల నమ్మడానికి మనకు హక్కు దొరుకుతుంది. 9,900 అంకె ఈ పరీక్షలో ఒక్క పూటలో కూలిపోతుంది. అంటే పరీక్షకు నిజాన్ని స్థాపించే శక్తి తక్కువ, అబద్ధాన్ని పడగొట్టే శక్తి ఎక్కువ. ఆ మేరకు కుమారిలుడు చెప్పిందే జరుగుతోంది. దోషం బయటపడేదాకా మాట నిలుస్తుంది, దోషాన్ని వెతికే పని మాత్రం మనం చేయాలి.

పరీక్షించేవాణ్ణి ఎవరు పరీక్షించాలి అని అడగవచ్చు. అతని మీటరు తప్పు చూపిస్తే? అతనికి ఏ అమ్మకందారో డబ్బిస్తే? కుమారిలుడు అనవస్థకు, అంటే అంతులేని ఈ రుజువుల గొలుసుకు, భయపడ్డాడు కానీ దాన్ని ఆపే మార్గం కూడా చూపాడు. మూడు నాలుగు జ్ఞానాలకు మించి పోనక్కరలేదన్నాడు, మొదటిదాన్ని రెండోది కొట్టేస్తే, రెండోదాన్ని మూడోది సరిచూస్తే చాలు. కొలిచే పద్ధతిని దాచకుండా చెప్పినప్పుడు అదే లోడు, అదే సెల్లు తెచ్చుకుని వేరే దేశంలో మరొకడు కొలవగలడు. సొంత లాభం లేని ఇద్దరు ముగ్గురి కొలతలు దగ్గరగా వస్తే అక్కడ ఆగడం సోమరితనం కాదు. పద్ధతి దాచినవాడి అంకె మాత్రం ఎంతమంది ఒప్పుకున్నా ఒక్క నోటి మాటే.

సెల్లు తయారీదారులు ఒక అడుగు ముందే వేశారు. విడి సెల్లులను ఈ-సిగరెట్లలో వాడొద్దని పెద్ద కంపెనీలు హెచ్చరించాయి. ఇవి బ్యాటరీ ప్యాకుల్లో అమర్చడానికి పరిశ్రమలకు చేసిన భాగాలని, విడిగా కొని వాడొద్దని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ 2021 జనవరిలో చెప్పింది. ఇది నిజమైన మాట, షరతు కూడా చెప్పిన మాట. మరి అలాంటప్పుడు వద్దన్న పనికి పనికొచ్చే సెల్లు ఏదో తేల్చి చెప్పడం ఆ పనికి వంత పాడటం కాదా? నికోటిన్ అలవాటును నేను సమర్థించను. భారతదేశం 2019లో చట్టం చేసి ఈ-సిగరెట్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని నిషేధించింది, ఆ నిర్ణయానికి బలమైన కారణాలున్నాయి. అయినా ఈ అభ్యంతరం ఒక చోట జారుతుంది. వద్దన్నా మానని మనిషి ఎదుట ఉన్నప్పుడు, అతని చేతిలో ఉన్న వస్తువు గురించి నిజం చెప్పకపోవడం అతన్ని మాన్పించదు, ప్రమాదంలో మాత్రం వదిలేస్తుంది. మూసి ఉంచిన మాటకూ అబద్ధపు మాటకూ ఆ మనిషి చర్మం మీద పడే ఫలితం ఒక్కటే. పైగా ఆ సెల్లు ఈ-సిగరెట్‌కే పరిమితం కాదు. అదే కొలత సెల్లు టార్చిలో, పవర్ బ్యాంకులో, స్కూటరు బ్యాటరీలో కూర్చుంటుంది.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచి, పైన లాడ్జిలో ఉన్న ఎనిమిది మంది ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లలో ఛార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి మరణాలు జరిగాయి. కేంద్రం విద్యుత్ స్కూటర్లకు వర్తించే ఏఐఎస్ 156 భద్రతా ప్రమాణాన్ని కఠినం చేసి, అదే ఏడాది డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలుకు తెచ్చింది. అంతకుముందు 2020లో చైనా విద్యుత్ కార్లకు పెట్టిన ప్రమాణంలో ఒక కొత్త ఆలోచన ఉంది. ఒక సెల్లు విఫలమై వేడి అదుపు తప్పినా, మనుషులున్న చోటికి ప్రమాదం చేరడానికి కనీసం 5 నిమిషాల ముందు హెచ్చరిక రావాలన్నది ఆ ఆలోచన. 2020 నాటి ఆ ప్రమాణం సెల్లు మండదని హామీ ఇవ్వలేదు. మండుతుందని ఒప్పుకుని, మనిషి దిగిపోవడానికి వ్యవధి అడిగింది. అంతవరకూ మండదని రుజువు చేయాలని చూసిన పరీక్షలు తమ హద్దును తామే చెప్పే దశకు వచ్చాయనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం నాకు కనబడలేదు. కారులో ఆ 5 నిమిషాలను ఇంజనీర్లు గోడలతో, పొరలతో, అలారాలతో సంపాదిస్తారు. పెదాల దగ్గరకూ, ప్యాంటు జేబులోకీ వచ్చే పరికరంలో అలాంటి గోడకు చోటు లేదు. అక్కడ మనిషికి దక్కే వ్యవధి అంతా వాడకముందే దక్కాలి. పరీక్షించినవాడు తయారీదారు అంకె కన్నా తక్కువ అంకెను, దాని షరతులన్నిటితో సహా చెప్పాలి. కొన్నవాడు దానికి ఇంకా కొంచెం ఇవతలే ఆగాలి.